ఇంటికి అనుమతి కాగితం

పైసా పైసా కూడబెట్టి చిన్న జాగ కొన్నాం. రెండు గదులు వేసుకుందామని మేస్త్రీని పిలిచాం. ముగ్గు పోశాడు. అంతలో ఒకాయన వచ్చి, "పర్మిషన్ ఉందా?" అని అడిగాడు. ఏం చెబుతాం?

పట్నంలో ఇల్లు కట్టాలంటే మున్సిపాలిటీ ప్లాను చూస్తుంది. దారి మూసుకుపోకూడదు. పక్కింటికి గాలీ వెలుతురూ అందాలి. చూడటం మంచిదే. కానీ దానికి నెలలు పట్టేది. "సారు లేరు, రేపు రా" అనేవారు. కూలి మానుకుని తిరగాలి. మధ్యవర్తికి డబ్బులివ్వాలి. వాటికి రశీదు ఉండదు గదా!

2020లో తెలంగాణలో కొత్త చట్టం చేశారు. జాగ 75 గజాల లోపు, ఇల్లు 7 మీటర్ల లోపు ఎత్తు అయితే అనుమతి అక్కర్లేదన్నారు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా ఇళ్లకు దరఖాస్తు పెట్టగానే అనుమతి. అంతకన్నా పెద్దవాటికి 21 రోజుల గడువు. ఆలోగా ఆఫీసు ఏమీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. గడువు ఆఫీసు మీద పెట్టారన్నమాట.

ఇందులో ఒక మెలిక ఉంది. ముందు కాగితం ఇస్తారు, తర్వాత వచ్చి చూస్తారు. జాగ నాదే, కొలత ఇంత, చెరువు శిఖంలో లేదు అని మనమే రాసి సంతకం పెడతాం. అది అబద్ధమైతే నోటీసు ఇవ్వకుండానే ఇల్లు కూల్చవచ్చు. మీసేవలో అబ్బాయి టైపు చేసి, "సంతకం పెట్టమ్మా" అంటాడు. తొందరపడకండి. కాగితం చేతిలోకి తీసుకోండి. మీ పేరు, సర్వే నంబరు, గజాలు వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవండి. తప్పుంటే అక్కడే దిద్దించండి. ఆ రూపాయి రశీదును కూడా ఇంటి పత్రాలతో పాటు పెట్టెలో దాచండి.