అరిగిన చక్కుకు మళ్ళీ పట్టు
పాత లేతును పారేయనక్కర లేదు. ఓపిక ఉంటే ఇంటి షెడ్డులోనే బాగు చేసుకోవచ్చు

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో ఇంజను బోట్ల వేట ఆగిపోతుంది. జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేటను నిషేధించారు. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల్లో మత్స్యకారులు ఈ రెండు నెలల్లోనే వలలు బాగు చేసుకుంటారు, బోట్ల మరమ్మతులు చేయించుకుంటారు. ఒడ్డున బోట్లకు విశ్రాంతి దొరికినా, ఊరి లేతు షెడ్డుకు మాత్రం ఊపిరాడదు.

బోటు ఫ్యాను షాఫ్టు బేరింగు దగ్గర అరిగి ఉంటుంది. దానికి వెల్డింగుతో లోహం నింపి, లేతు మీద తిరిగి పాత కొలతకు తెప్పించాలి. రొయ్యల గుంటల్లో తిరిగే గాలి చక్రాల షాఫ్టులు, బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు కూడా అక్కడికే వస్తాయి. ఈ పనులన్నీ ఇంటి పంచలోనో, రేకుల షెడ్డులోనో ఉన్న ఒక్క పాత లేతు మీదే సాగుతాయి. ఆ లేతుకు ప్రాణం చక్కు.

చక్కు అరిగితే మేస్త్రి ఎంత పనిమంతుడైనా పని చెడుతుంది. "మొన్ననే కదా తిప్పించుకుపోయింది, అప్పుడే నీళ్ళు కారుతున్నాయే" అంటూ షాఫ్టు పట్టుకుని వచ్చే వారికి జవాబు చెప్పడం కష్టం. షాఫ్టు నడిమధ్య నుంచి మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగినా, నిమిషానికి 1500 చుట్లు తిరిగేటప్పుడు అది 1500 సార్లు బేరింగును కొడుతుంది. ముందు సీలు పోతుంది, తర్వాత బేరింగు వేడెక్కుతుంది. నడి సముద్రంలో ఇంజను ఆగితే బోటు అలల పాలవుతుంది. రొయ్యల గుంటలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళలో గాలి చక్రం ఆగిపోతే అప్పు తెచ్చి వేసిన పంట నీటి పాలవుతుంది. కనుక చక్కు సంగతి ఒక్క మేస్త్రిది మాత్రమే కాదు.

నత్తగుల్ల చుట్టే రహస్యం

మూడు దవడల చక్కు పైకి బరువైన ఇనప దిమ్మెలా కనిపించినా లోపలి ఏర్పాటు చాలా తేలిక. గుండ్రటి పళ్ళెం మీద నత్తగుల్ల చుట్టులా గాడి తిరిగి ఉంటుంది. దీన్ని స్క్రోలు అంటారు. పళ్ళెం వెనుక వైపు పళ్ళుంటాయి. చక్కు తాళంచెవి తిప్పితే చిన్న పళ్ళ చక్రం ఈ పళ్ళెాన్ని తిప్పుతుంది. దవడల అడుగున ఉన్న పళ్ళు స్క్రోలు గాడిలో కూర్చుంటాయి. కనుక పళ్ళెం తిరగ్గానే మూడు దవడలూ ఒక్కసారే దగ్గరకు వస్తాయి, లేదా దూరమవుతాయి. మేస్త్రీలు ఈ దవడలనే 'జా'లు అంటారు.

ఈ ఏర్పాటు ఈనాటిది కాదు. అమెరికాలో సైమన్ ఫేర్మన్ 1840లోనే స్క్రోలు చక్కుకు పేటెంటు పొందారు. మన వైపు చూస్తే, 1943లో మొదలైన సికింద్రాబాదు ప్రాగా టూల్స్ కర్మాగారం చక్కులు కూడా తయారు చేసింది. ఆ పేరు చెక్కిన చక్కులు పాత షెడ్లలో కనిపిస్తూనే ఉంటాయి. చిక్కేమిటంటే, ఇంత పాత చక్కులకు సరిపోయే దవడలు విడిగా దొరకవు. ఒక చక్కు దవడలు మరో చక్కులో దూరినా సెంటరు కుదరదు. అందువల్ల ఉన్న దాన్నే బాగు చేసుకోవాలి, కుదరకపోతే కొత్త చక్కే కొనాలి.

అరుగుదల ఎక్కడ?

సముద్రతీరంలో చక్కుకు శత్రువులు రెండు: ఉప్పు గాలి, ఇసుక. ఉప్పు గాలికి స్క్రోలు గాడి తుప్పు పడుతుంది. బోటు షాఫ్టుతో పాటు వచ్చిన ఇసుక గ్రీజులో కలిసి సానపొడిలా పని చేస్తుంది. తాళంచెవి తిప్పిన ప్రతిసారీ లోపల అరుగుతూనే ఉంటుంది.

అన్ని చక్కులూ ఒకే చోట అరగవు. దవడల ముందు కొసలు అరిగితే నోరు గంటలా వెడల్పవుతుంది. అప్పుడు షాఫ్టును లోపలి కొస మాత్రమే పట్టుకుంటుంది, బయటి కొస వదులుగా ఉంటుంది. స్క్రోలు గాడి అరిగితే ఒక్కో సైజు దగ్గర ఒక్కో విధంగా ఆడుతుంది. దవడ జారే గాడులు అరిగితే దవడ తల ఊపుతుంది. కొన్నిసార్లు ఇవేవీ కావు. చక్కు వెనుక ప్లేటుకు, స్పిండిలుకు మధ్య చేరిన చిన్న ఇనప రజనే కారణమవుతుంది.

అందుచేత మొదట చేయవలసిన పని శుభ్రం చేయడం. కరెంటు ప్లగ్గు పీకేయాలి. లేతు బెడ్డు మీద చెక్క పలక వేసి, దాని మీదికి చక్కును దింపాలి. పలక లేకుండా విప్పితే బరువుకు చెయ్యి నలగవచ్చు, బెడ్డు దెబ్బ తినవచ్చు. విడి భాగాలన్నీ కిరసనాయిలులో నానబెట్టి బ్రష్షుతో కడగాలి. దవడల మీద, వాటి గాడుల మీద 1, 2, 3 అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఒకటో దవడ ఒకటో గాడిలో ముందుగా పడాలి, తర్వాత రెండు, ఆపైన మూడు. ఈ వరుస తప్పితే కొత్త చక్కైనా సెంటరుకు రాదు. అరిగిందనుకున్న చక్కు ఈ కడుగుడుతోనే సగం దారికి వచ్చిన సందర్భాలు మేస్త్రీలకు కొత్త కాదు.

గుడ్జన్ పిన్నుతో పరీక్ష

శుభ్రం చేసి బిగించాక కొలత చూడాలి. ఇందుకు నిఖార్సయిన గుండ్రటి కడ్డీ కావాలి. ఇంజను పిస్టనులో ఉండే కొత్త గుడ్జన్ పిన్ను ఇందుకు చక్కగా పనికి వస్తుంది. దాన్ని చక్కులో బిగించి, డయల్ గేజీ ముల్లు ఆనించి, చేత్తో నిదానంగా ఒక చుట్టు తిప్పాలి. గేజీ 0.20 మిల్లీమీటర్ల తేడా చూపితే సెంటరు 0.10 జరిగిందని అర్థం. ఇలాంటి చక్కు కొత్తది కూడా గేజీ మీద 0.05 నుంచి 0.10 వరకు తేడా చూపవచ్చు. కనుక సున్నా రాలేదని బెంగ పడనక్కర లేదు.

తర్వాత అదే పరీక్ష పొడవైన సాన కడ్డీతో చేయాలి. దవడల దగ్గర ఒకసారి, జానెడు దూరంలో ఒకసారి చూడాలి. రెండు చోట్లా తేడా ఒకటే అయితే తప్పు స్క్రోలుదో, వెనుక ప్లేటుదో అయి ఉంటుంది. దూరం పోయే కొద్దీ తేడా పెరిగితే దవడల నోరు అరిగిందనుకోవాలి. దీన్ని రూఢి చేసుకోవడానికి పలుచటి కాగితం ముక్క చాలు. దవడ ముందు కొసకు, కడ్డీకి మధ్య కాగితం పెట్టి బిగించి లాగాలి. కాగితం సులువుగా జారి వస్తే ముందు కొస పట్టడం లేదన్నమాట. సన్నం, మధ్యరకం, లావు కడ్డీలతో మూడు సార్లు పరీక్షిస్తే స్క్రోలు సంగతి కూడా తేలుతుంది.

చాలామంది చేసే పొరపాటు

దవడలు గట్టిపరచిన ఉక్కు. ఆకురాయి వాటి మీద జారుతుంది, టూలు విరుగుతుంది. సాన రాయి ఒక్కటే దారి. టూల్ పోస్టు మీద చిన్న డై గ్రైండరును కదలకుండా బిగించి, లేతును నిదానంగా తిప్పుతూ దవడల లోపలి ముఖాలను సాన పట్టాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. దవడలను ఊరికే వదిలి సాన పడతారు. చూడటానికి అద్దంలా వస్తుంది. కాని షాఫ్టు బిగించగానే దవడలు గాడుల్లో వెనక్కి వాలి నోరు మళ్ళీ తెరుచుకుంటుంది. మరికొందరు దవడల బయటి మెట్ల మీద రింగు తగిలించి, దవడలను బయటికి తెరుస్తూ బిగిస్తారు. అప్పుడు స్క్రోలు పళ్ళ మీద ఒత్తిడి అసలు పనిలో పడే వైపు కాక, ఎదురు వైపు పడుతుంది. శ్రమంతా వృథా.

షాఫ్టును పట్టినప్పుడు దవడల మీద ఎలాంటి ఒత్తిడి ఉంటుందో, సాన పట్టేటప్పుడూ అలాంటి ఒత్తిడే ఉండాలి. ఇదే ఈ పనిలో గుట్టు. ఇందుకు మందపాటి ఇనప బిళ్ళ ఒకటి తయారు చేసుకోవాలి. దాని నడుమ రాయి తిరగడానికి సరిపోయే రంధ్రం, దవడల కొసలు వచ్చే మూడు చోట్ల గాడులు ఉండాలి. బిళ్ళను దవడల ముందు భాగంలో పెట్టి బిగిస్తే, దవడల ఏటవాలు చెంపలు గాడుల అంచులను నొక్కుతాయి. షాఫ్టును తాకే కొస మాత్రం బిళ్ళ లోపలికి తొంగి చూస్తూ రాయికి అందుతుంది. అంటే చక్కు బిగిసే ఉంటుంది, సాన పట్టవలసిన చోటు ఖాళీగా ఉంటుంది.

ఒక్కో విడతకు మిల్లీమీటరులో నూరో వంతుకు మించి రాయిని లోపలికి దించరాదు. ముందు కొస నుంచి వెనుక కొస వరకు రాయిని మెల్లగా ఆడించాలి. మొదట లోపలి కొస దగ్గరే నిప్పురవ్వలు రాలతాయి. మూడు దవడల మీదా, పొడవు పొడుగునా రవ్వలు సమంగా వచ్చినప్పుడు ఆపేయాలి. ఇంకా నునుపు కావాలని ఆశపడితే గట్టిపరచిన పొర కాస్తా పోతుంది.

పాత లేతుల్లో చాలా వాటికి చక్కు మరతో బిగుస్తుంది. అలాంటి చక్కును వెనక్కి తిప్పితే ఊడి మీద పడే ప్రమాదముంది. ముందుకే తిప్పాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. ముక్కుకు గుడ్డ బిగుతుగా కట్టుకోవాలి. వేలాడే తువ్వాలు, లుంగీ అంచు చక్కు దరిదాపులకు రాకూడదు. తాళంచెవిని చక్కులో వదిలేసి స్విచ్చి వేయడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అది తుపాకి గుండులా ఎగిరి వస్తుంది.

సాన పొడి లేతు బెడ్డు మీద పడితే చక్కును బాగు చేసి లేతును పాడు చేసినట్టే. కనుక బెడ్డును ముందే తడి కాగితాలతో కప్పి ఉంచాలి. పని కాగానే చక్కును మళ్ళీ పూర్తిగా విప్పి కడగాలి. ఈ రెండో కడుగుడును బద్ధకించి మానితే, స్క్రోలులో చేరిన సాన పొడి కొద్ది కాలంలోనే చక్కు పని పూర్తి చేస్తుంది.

సానకు లొంగనివి

దవడల అరుగుదల ఒక్కటే సానతో పోతుంది. స్క్రోలు అరిగితే పోదు. సాన పట్టిన సైజు దగ్గర చక్కు బాగా పట్టినా, మరో సైజు దగ్గర మళ్ళీ ఆడవచ్చు. అందుకే షెడ్డుకు ఎక్కువగా వచ్చే షాఫ్టు సైజు దగ్గరే సాన పట్టడం తెలివైన పని.

స్క్రోలు అరిగిన చక్కుకు మరో ఉపాయముంది. వెనుక ప్లేటు మీద చక్కు కూర్చునే గట్టును కొద్దిగా తగ్గిస్తే చక్కు అటూ ఇటూ కాస్త జరుగుతుంది. షాఫ్టు బిగించి, గేజీ చూస్తూ చెక్క సుత్తితో తట్టి సెంటరుకు తెచ్చి, బోల్టులు బిగించాలి. తేలిక పనులకు ఇది చాలు. బరువు పనిలో జరిగిపోయే అవకాశముంది. పొడవైన షాఫ్టులను రెండు సెంటర్ల మధ్య తిప్పితే చక్కు అరుగుదలతో పనే ఉండదు. నాలుగు దవడల చక్కులో ఒక్కో దవడ విడిగా కదులుతుంది. గేజీ పెట్టి ఓపికగా సర్దుకుంటే ఎంత పాత చక్కైనా సెంటరుకు వస్తుంది.

చక్కు ఒంటికే పగులు ఉంటే మాత్రం మరమ్మతు మాట తలపెట్టరాదు. పగులు కంటికి కనబడకపోతే ఒక పరీక్ష ఉంది. కడిగిన దిమ్మెకు కిరసనాయిలు పూసి, కాసేపయ్యాక పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్ద మీద గీతలా ఊరుతుంది. అలాంటి దాన్ని వెల్డింగు పెట్టి వాడితే తిరుగుతూండగా ముక్కలయ్యే ప్రమాదముంది. అది పాత ఇనప సామాన్ల కొట్టుకే పోవాలి. పగులు లేని పాత పోత ఇనుము చక్కునైనా ఎక్కువ వేగంతో తిప్పరాదు.

గోడ మీద ఒక లెక్క

బాగు చేసిన చక్కును ఇసుకకు, ఉప్పుకు వదిలేస్తే ఏడాది తిరిగేసరికి కథ మొదటికి వస్తుంది. షాఫ్టును చక్కులో పెట్టే ముందు మంచినీళ్ళతో కడిగి తుడవాలి. చక్కుకు గ్రీజు దట్టించకుండా నూనె పలచగా రాయాలి. రాత్రిపూట నూనె గుడ్డ కప్పాలి. నెలకోసారి సన్నం, మధ్యరకం, లావు కడ్డీలతో గేజీ చూసి, తేదీతో సహా గోడ మీద రాసి పెడితే అరుగుదల ఎప్పుడు మొదలైందో ముందే తెలుస్తుంది.

ఈ పనికి తీరిక దొరికేది ఏప్రిల్ మొదటి పక్షమే. నిషేధం మొదలై షాఫ్టులు గుమ్మంలో పడక ముందే చక్కు సంగతి చూసుకున్న మేస్త్రి, ఆ రెండు నెలలూ ధైర్యంగా పని చేస్తాడు. జూన్ 15 తెల్లవారుజామున బోట్లు అలలు దాటి పోతున్నప్పుడు, ఇంజన్ల చప్పుడు ఒకే తీరున వినిపిస్తే చాలు. అతని పని సరిగా జరిగినట్టే.