శంకర్ బుర్రలో రెండో మనిషి ఎందుకు ఇమడలేదు?

“అన్నా, మొదటిది అంత బాగా ఆడింది గదా. అదే హీరో, అదే డైరెక్టరు, అదే మణిశర్మ. మరి రెండోది ఎందుకు పోయింది?”

గౌనిపల్లి బస్టాండులో టీ తాగుతుంటే తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు అడిగాడు. ‘డబుల్ ఇస్మార్ట్’ సంగతి. “నిడివి ఎక్కువైందిలేరా” అని తేల్చేసి శ్రీనివాసపురం బస్సెక్కాను. మామిడితోటల మధ్య బస్సు పోతుంటే ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎందుకంటే ఆ కుర్రాడే అంతకుముందు ‘కల్కి 2898 ఏడీ’ని రెండుసార్లు చూశాడు. అది 181 నిమిషాలు. మా కోలారు జిల్లా గనుల పేరు పెట్టుకుని 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘కేజీఎఫ్ చాప్టర్ 2’ 168 నిమిషాలు. అది కూడా రెండో భాగమే. దాని డైలాగులు ఇప్పటికీ వాడికి కంఠతా వచ్చు. మూడు గంటలు కదలకుండా కూర్చోగలిగినవాడు అంతకంటే చిన్న సినిమాలో ఎందుకు వాచీ చూసుకున్నాడు? ఈ ప్రశ్నకు టీ అయిపోయేలోపు జవాబు చెప్పడం కుదరదు.

ముందు సంగతేమిటో చూద్దాం. పూరి జగన్నాథ్ తీసిన ‘ఇస్మార్ట్ శంకర్’ 2019 జులై 18న వచ్చింది. (సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ కూడా 1991లో అదే జులై 18న విడుదలైంది. తెలుగులో సైన్సు కథలకు ఆ తేదీ అచ్చొచ్చిందేమో!) రామ్ పోతినేని హైదరాబాదీ యాసలో శంకర్ అనే రౌడీగా కనిపించాడు. చనిపోయిన ఒక దర్యాప్తు అధికారి జ్ఞాపకాలను చిప్పులోకెక్కించి శంకర్ తలలో పెడతారు. ఈ రౌడీ చేసిన హత్యనే ఆ అధికారి ఛేదిస్తూ పోయాడు. ఇప్పుడు వేటగాడూ వేటా ఒకే పుర్రెలో కాపురం. ఆ అధికారిని ప్రేమించిన అమ్మాయి, తనవాడి చూపును ఈ పోకిరీ కళ్లలో వెతుక్కోవాలి. మోటుగా ఉన్నా ముడి గట్టిదే.

2024 ఆగస్టు 15న వచ్చిన ‘డబుల్ ఇస్మార్ట్’ ఆ చిప్పునే మళ్లీ బయటికి తీసింది. బిగ్ బుల్ అనే మాఫియా నాయకుడు, సంజయ్ దత్. మెదడు జబ్బు, కొద్ది నెలలే ఆయుష్షు. తన జ్ఞాపకాలను శంకర్ తలలోకెక్కిస్తే తాను చావకుండా బతికిపోవచ్చని పథకం. శంకర్ తల్లిని చంపింది ఆ బిగ్ బుల్లే. రెండు గంటల నలభై నిమిషాలకు పైబడిన సినిమా.

సినిమా ‘ఆడలేదు’ అని ఎలా తేలుస్తారు? హాలు ఖాళీగా ఉండటం ఒక్కటే గుర్తు కాదు. టికెట్టు డబ్బులో ముందు జీఎస్టీ పోతుంది. ఆ రోజుల్లో వంద దాటిన టికెట్టుకు 18 శాతం, వంద లోపుదానికి 12. తర్వాత హాలు వాడి అద్దె లేదా వాటా. మిగిలింది షేరు. పంపిణీదారు ఏరియాకింత అని ముందే కొనుక్కుని ఉంటాడు. షేరు ఆ ధరను దాటితే పండగ, దాటకపోతే ఫ్లాపు. అంటే ఒకే సినిమా ఒక ఏరియాలో ఆడి ఇంకో ఏరియాలో పోవచ్చు. ఇక్కడ మా ఊరిదొక తమాషా. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. మావాడు సరిహద్దు దాటి ఆంధ్రాలోని మదనపల్లెలో చూస్తే ఆ డబ్బు ‘సీడెడ్’ ఖాతాలో పడుతుంది. 1800లో నిజాం కంపెనీవాళ్లకు వదిలేసిన జిల్లాలన్న మాట సినిమా వ్యాపారంలో ఇంకా బతికే ఉంది. అదే సినిమాను చింతామణిలో చూస్తే కర్ణాటక ఖాతా. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరోవైపు పోయి ఇద్దరు వ్యాపారుల తలరాత రాసి రాగలరు.

‘డబుల్ ఇస్మార్ట్’ ఏ ఏరియాలోనూ కొన్న ధరను అందుకోలేక చతికిలబడింది. మూడు వారాలు తిరిగేసరికి ప్రైమ్ వీడియోలోకి వచ్చేసింది. ఫోన్లో ఎలాగూ వస్తుందిలే అనుకునేవాడు మదనపల్లె బస్సు ఎందుకెక్కుతాడు?

పోటీ కూడా మామూలుగా లేదు. ఆ ఆగస్టు 15 గురువారం, మర్నాడు వరమహాలక్ష్మి పండగ, ఆపైన శని, ఆది, సోమవారం రాఖీ. ఇలాంటి సెలవుల వరస కోసం నిర్మాతలు కాచుక్కూర్చుంటారు, అందుకే అందరూ ఒక్కరోజే దిగారు. రవితేజ ‘మిస్టర్ బచ్చన్’, చిన్న సినిమా ‘ఆయ్’, గణేశ్ కన్నడ సినిమా ‘కృష్ణం ప్రణయ సఖి’, హిందీలో ‘స్త్రీ 2’. ఇంకొకటి మా కోలారు మట్టి కథే: బంగారు గనుల తొలి రోజుల మీద పా. రంజిత్ తీసిన ‘తంగలాన్’. మూడు భాషలు వచ్చిన ఊరికి ఇన్ని వడ్డించి పెడితే, బాగలేదని ఒక్క మాట వినపడ్డ విస్తరిని పక్కన పెట్టేస్తారు.

ఆ ఒక్క మాట ఎలా వస్తుందంటే, బెంగళూరులో పనిచేసే మావాళ్లు పొద్దున్నే మొదటి ఆట చూసేస్తారు. ఇంటర్వెల్లో ఊరికి మెసేజ్ పెడతారు. “ఎట్లుండాదిరా?” అంటే “సాగదీస్తా ఉండారు, రావద్దు” అని రెండు ముక్కలు. ఒకప్పుడు టెంటులో ఆడిన సినిమా సంగతి పక్క ఊరికి తెలియాలంటే సంత రోజు దాకా ఆగాలి. ఈలోపు సినిమా నాలుగు డబ్బులు చేసుకునేది. ఇప్పుడు పదకొండున్నరకే తీర్పు.

కానీ పోటీ, టాకు అన్నవి జ్వరం ఎంతుందో చెప్పే కొలతలు. జ్వరం ఎందుకొచ్చిందన్నది వేరే విషయం. ‘స్త్రీ 2’ కూడా అదే రోజు, అదే పోటీలో, రెండో భాగంగానే వచ్చి బ్రహ్మాండంగా ఆడింది.

కొందరు సైన్సు మనవాళ్లకు ఎక్కదంటారు. నేనొప్పుకోను. పరకాయ ప్రవేశం మనకు కొత్తా? విక్రమార్కుడి కథలు విన్నవాడికి, శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో చేరిన కథ విన్నవాడికి చిప్పు ఒక కొత్త మంత్రం, అంతే. 2019లో ఎవరూ “ఇదెలా కుదురుతుంది?” అని హాల్లోంచి లేచి పోలేదు. హాలీవుడ్‌లో 2016లో వచ్చిన ‘క్రిమినల్’ ఇంచుమించు ఇదే సరుకు, చనిపోయిన గూఢచారి జ్ఞాపకాలను ఒక ఖైదీ తలలో పెడతారు.

కుర్రాడు అడగనే అడిగాడు, నిజంగా కుదురుతుందా అని. మనిషిలోని మొత్తం జ్ఞాపకాలను తీసి ఇంకొకరిలో పోయడం కుదరదు. జ్ఞాపకం ఒక డబ్బాలో దాచిన క్యాసెట్టు కాదు. కొన్ని నాడీకణాలు కలిసి మేల్కొనే తీరు. ఒక తల అల్లిక ఇంకో తలకు సరిపోదు. అయితే 2013లో అమెరికాలోని ఎంఐటీలో సుసుము టొనెగావా బృందం ఒక చిత్రం చేసి చూపింది. ఎలుకను ఒక పెట్టెలో వదిలారు, అక్కడ దానికి ఏ బాధా లేదు. ఆ సమయంలో మెదడులో మేల్కొన్న కణాలకు వెలుతురు తగిలితే మళ్లీ మేల్కొనే ఏర్పాటు చేశారు. తర్వాత ఎలుకను వేరే పెట్టెలో పెట్టి, వెలుతురుతో పాత పెట్టె జ్ఞాపకాన్ని రేపుతూ కాళ్లకు చిన్న కరెంటు షాకిచ్చారు. మళ్లీ మొదటి పెట్టెలోకి తెస్తే అది బిగుసుకుపోయింది. అక్కడ ఎప్పుడూ జరగని దెబ్బ అక్కడే తగిలిందని నమ్మింది. దొంగ జ్ఞాపకం పెట్టడం దాకా, అదీ ఎలుకలో, వచ్చాం. బిగ్ బుల్ ఇంకా ఆగాలి.

అసలు తప్పు ఎక్కడుందంటే, నాకు తోచింది ఇది. మొదటి సినిమాలో శంకర్ తలలోకి వచ్చింది అతనిలో లేని మంచితనం. రౌడీ ఏమవుతాడో, ఎటు ఒరుగుతాడో మనకు తెలియదు. మారితే బాగుండునని ఉంటుంది, మారితే ఆ హుషారు పోతుందేమోనన్న బెంగా ఉంటుంది. రెండో సినిమాలో వచ్చింది చెడ్డవాడు. కాగితం మీద ఇదీ మంచి ఆలోచనే: పగవాడే పగ తీర్చుకునేవాడి తలలో చేరడం. తెర మీద మాత్రం అనుమానానికి చోటు లేదు. తల్లిని చంపినవాడు గెలవడని మా అవ్వకూ తెలుసు. ఇక చూడ్డానికి మిగిలింది రామ్ మధ్యమధ్యలో సంజయ్ దత్‌లా నడవడం. హుషారుగానే నడిచాడు. కానీ అది అనుకరణే గానీ ఆపద కాదు.

అనుమానం లేనప్పుడు నిమిషాలు బరువెక్కుతాయి. అలీ చేసిన బోకా పాత్ర కామెడీ అందుకే అంత విసుగు పుట్టించింది. హాలు దాటి వచ్చిన ప్రతివాడూ ముందు దాన్నే తిట్టాడు. నిజానికి పూరి సినిమాల్లో కథకు సంబంధంలేని కామెడీ ట్రాకు ఎప్పుడూ ఉండేదే. కథ లాగుతుంటే అది ఊపిరి తీసుకునే చోటు, కథ లాగకపోతే కాలు పట్టుకునే బురద. యాసది కూడా అదే కథ. రామ్ నోట హైదరాబాదీ మాట మొదటిసారి కొత్త. కన్నడం కలిసిన మా తెలుగుకు అది మరీ కొత్త, పిల్లలు నెలల తరబడి పలికారు. అయిదేళ్ల తర్వాత అదే మసాలా నాలుకకు తగల్లేదు. “క్రింజ్ అన్నా” అన్నాడు మావాడు. 2019లో వాడికి ఈ మాట తెలియదు.

ఇక్కడే ఇంకో సినిమా గుర్తొస్తుంది. డెని విల్నెవ్ తీసిన ‘బ్లేడ్ రన్నర్ 2049’. 2017 అక్టోబరులో వచ్చింది, 163 నిమిషాలు. విచిత్రంగా దానిదీ జ్ఞాపకాల గొడవే. రయన్ గాస్లింగ్ వేసిన ‘కె’ పుట్టినవాడు కాదు, తయారుచేసిన మనిషి. తలలో ఒక చెక్క గుర్రం జ్ఞాపకం. అది పెట్టింది కాదు, నిజంగా జరిగింది అని తెలిసేసరికి తాను పుట్టినవాడినే అనుకుంటాడు. జ్ఞాపకం నిజమే, కానీ తనది కాదు. నేనే కథానాయకుణ్ణి అని నమ్మినవాడు తాను పక్కపాత్రనని తెలుసుకోవడం! 1982 నాటి మొదటి ‘బ్లేడ్ రన్నర్’ వేసిన ప్రశ్నను తిప్పి, కొత్త చోట గుచ్చింది. ‘డబుల్ ఇస్మార్ట్’లో లేని అనుమానం ఇందులో పుష్కలంగా ఉంది.

అయినా ఆడలేదు. ఖర్చు 15 కోట్ల డాలర్లకు పైనే, ప్రపంచమంతా కలిపి వసూలు 26 కోట్ల డాలర్ల చుట్టుపక్కల. వినడానికి లాభం. కానీ హాళ్ల వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే నష్టం. మన షేరు లెక్కే అక్కడా. అమెరికాలో మొదటి వారాంతం చూసినవాళ్లు మార్కులు బాగానే వేశారు. చిక్కేమిటంటే వాళ్లలో పదిమందికి ఏడుగురు మగవాళ్లే, ఎక్కువమంది పాతికేళ్లు దాటినవాళ్లు. మొదటి భాగాన్ని గుండెల్లో పెట్టుకున్నవాళ్లు వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. కథలో ఏ ముక్కా బయటపడకూడదని ప్రచారంలో అంతా దాచారు. దాంతో దేని గురించో తెలియని సినిమాకు టికెట్టు ఎవరు కొంటారు? మొదటి భాగం తీసిన రిడ్లీ స్కాటే, దీనికి నిర్మాతల్లో ఒకడై ఉండి, మరీ పొడుగైంది, అరగంట కోసేవాణ్ణి అన్నాడు. ఆయన మొదటి భాగం కూడా 1982లో ‘ఈ.టీ.’ జాతరలో ఆడలేదు. తర్వాత దశాబ్దాలపాటు కొత్త కూర్పులతో బతికి గొప్పదైంది. 2049 కూడా ఆ దారిలోనే ఉంది. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్‌కు పద్నాలుగో నామినేషనుకు తొలి ఆస్కార్ ఇప్పించింది ఈ సినిమానే.

కాబట్టి రెండు సినిమాలూ పోయాయన్నా పోయిన తీరు ఒకటి కాదు. ఒకటి పాత ప్రశ్ననే గట్టిగా అరిచి అడిగింది, హాలుకొచ్చినవాళ్లకే విసుగు పుట్టింది. రెండోది కొత్త ప్రశ్న మెల్లగా అడిగింది, వచ్చినవాళ్లకు నచ్చింది, వచ్చిందే కొద్దిమంది. మొదటి రకం సినిమాకు అరగంట కత్తిరించినా లాభం ఉండేది కాదని నా అనుమానం. రెండో రకానికి కత్తిరిస్తే ఆ నిదానమే పోయేది.

మరుసటి వారం టీ దగ్గర ఇదంతా మావాడికి చెప్పాను. చెక్క గుర్రం దగ్గర ఆసక్తిగా విన్నాడు, జీఎస్టీ దగ్గర ఆవలించాడు. “మూడోది తీస్తే పోతావా?” అన్నాను.

“ఈసారి తలలోకి ఎవర్ని ఎక్కిస్తారో కనుక్కో అన్నా,” అన్నాడు గ్లాసు కింద పెడుతూ, “అప్పుడు చెప్తా.”