చేతిలోని కంపం

వీరులపాడు నుండి కంచికచర్ల మీదుగా పరిటాల, దొనబండల వైపు సాగితే కొండలను తొలిచి కంకరగా మార్చే క్వారీలు కానవస్తాయి. జగ్గయ్యపేట పరిసరాలలో సున్నపురాతి గనులున్నాయి. 2022లో కృష్ణాజిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి చేరిన ఈ మెరక ప్రాంతానికి రాతిపని కొత్తది కాదు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపానికి చెందిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం సున్నపురాతిలో మలచినదే. నాటి శిల్పి చేతికి సుత్తిదెబ్బకు, మరుదెబ్బకు నడుమ విరామముండేది. నేటి జాక్‌హామరు నిమిషానికి వేయికి మించిన దెబ్బలు వేస్తుంది. ఆ అదురు పిడి ద్వారా వేళ్లకు, మణికట్టుకు, మోచేతికి పాకుతుంది.

ఏళ్ల తరబడి ఈ కంపానికి గురైన చేతిలో సన్నని రక్తనాళాలు సులభంగా ముడుచుకొనే స్వభావం పొందుతాయి. చలి తగిలినప్పుడు వేళ్లకు నెత్తురు అందక అవి సున్నం పూసినట్లు తెల్లబడతాయి. ఇటలీ గనిపనివారిలో ఈ వ్యాధిని 1911లో లోరిగా అనే వైద్యుడు వర్ణించాడు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు అమెరికాలోని బెడ్‌ఫర్డ్ పట్టణంలో గాలిసుత్తులతో రాయి చెక్కేవారిని పరీక్షించింది. వారు చెక్కినదీ సున్నపురాయే కావడం గమనింపదగినది.

మన వంటి ఉష్ణప్రదేశంలో వేళ్లు తెల్లబడటం అంతగా కనబడదు. అందువల్ల ఇక్కడ వ్యాధి లేదనుకోవడం పొరపాటు. నరాలు దెబ్బతినడానికి చలితో పనిలేదు. మొదట పని ముగిశాక తిమ్మిరి, పిదప రాత్రివేళ నిద్ర చెరిచే చిమచిమ, కొన్నాళ్లకు స్పర్శ మందగించడం, పట్టు సడలడం. కొండను తొలిచిన చేయి చొక్కా గుండీ పెట్టుకోలేదు. నేలపై పడిన రూపాయి బిళ్లను ఏరుకోలేదు. ఇది వయసు తెచ్చిన బలహీనత అని సరిపెట్టుకొనేవారే ఎక్కువ. తొలిదశలో పని మానితే రక్తప్రసరణ కొంత మెరుగుపడవచ్చును. పోయిన స్పర్శ మాత్రం చాలామందికి తిరిగి రాదు.

మొద్దుబారిన ఉలిని మార్చడం, పిడిని అవసరానికి మించి బిగించి పట్టకపోవడం మేలు చేస్తాయి. పొగాకు రక్తనాళాలను ముడుచుకొనేలా చేస్తుంది కనుక బీడీ కీడును పెంచుతుంది. చేతితొడుగులు వెచ్చదనాన్నిస్తాయి గాని జాక్‌హామరు అదురును పెద్దగా ఆపలేవు. అసలు రక్ష కాలపరిమితియే. ఐరోపా సమాజం 2002లో చేసిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనికి కంపత్వరణం సెకను వర్గానికి 5 మీటర్లు మించరాదు. కంపం రెట్టింపైతే పనివేళ సగం కాదు, నాలుగోవంతుకు, అనగా రెండు గంటలకు తగ్గాలి. తొలిచిన అడుగుల లెక్కన కూలి ముట్టేచోట రెండు గంటలకే యంత్రం దించమని పనివానికి చెప్పడం తేలిక కాదు. మిగిలిన ఆరు గంటల కూలి ఎవరిస్తారని అతడు అడుగుతాడు.