భాస్వరం దండిగా ఉన్న చోట వేరు పిలవదు

యాభై కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం (P2O5 రూపంలో) ఉంటుంది. వేసిన ఏడాది పైరు అందుకునేది మామూలుగా అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మిగతాది నల్లరేగడిలో సున్నంతోనూ, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియంలతోనూ ముడిపడి అక్కడే ఉండిపోతుంది. నత్రజనిలా నీటి వెంట సులువుగా కదిలే గుణం భాస్వరానికి లేదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తీసేసుకున్నాక, ఆ పక్కనే ఎంత ఉన్నా దానికి అందదు.

ఆ దూరం దాటించే శిలీంధ్రం ఒకటి నేలలో ఉంది. వ్యవసాయాధికారులు దాన్ని వ్యామ్ అంటారు. ఇది వేరు కణాల్లోకి వెళ్లి కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. బయటికి వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు సాచి, సెంటీమీటర్ల అవతలి నుంచి భాస్వరాన్నీ జింకునూ తెచ్చిపెడుతుంది. అందుకు ప్రతిఫలంగా ఆకు తయారుచేసిన చక్కెరల్లో ఐదో వంతు దాకా తీసుకుంటుంది. స్కాట్లండ్‌లోని రైనీ దగ్గర దొరికిన నలభై కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఇది కనిపించింది. ఆ మొక్కలకు అప్పటికింకా అసలైన వేళ్లే లేవు.

శిలీంధ్రాన్ని పిలిచేది మొక్కే. భాస్వరం చాలని వేరు స్ట్రైగోలాక్టోన్లనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. అవి సోకగానే శిలీంధ్రపు పోగు గుబురుగా చిగురించి వేరు వైపు చేరుతుందని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఈ పిలుపు శత్రువుకూ వినిపిస్తుంది. రైతులు పొగాకు మల్లె అని పిలిచే పరాన్న మొక్క గింజలు పొగాకు చేలలో మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉండి, ఇవే రసాయనాలు తగిలాక మొలుస్తాయి. ఆ ముప్పు ఉన్నా మొక్కలు పిలవడం మానలేదంటే, శిలీంధ్రం వాటికి ఎంత అవసరమో ఊహించవచ్చు.

భాస్వరం దండిగా ఉంటే మాత్రం వేరు పిలుపు తగ్గిస్తుంది. నేలలో నిల్వలు పేరుకున్నా అలవాటు కొద్దీ ఏటా దుక్కిలో డీఏపీ వేస్తూ పోతే వేళ్లలో శిలీంధ్రం పలచబడుతుంది. ఆపైన లోతు దుక్కి పోగుల అల్లికను తెంపేస్తుంది. వేసవి దుక్కికి లాభాలు లేవనను: పురుగుల కోశాలు ఎండకు మాడతాయి, తొలకరి వాన ఇంకుతుంది. కానీ బతికిన వేరు లేనిదే ఈ శిలీంధ్రం పెరగలేదు. నెలల తరబడి చేను బోడిగా ఉంటే మిగిలేవి సిద్ధబీజాలు, ఎండిన వేరుముక్కలే. వాటి నుంచి అంతా మళ్లీ మొదలుకావాలి. వరి మడిలో నిలిచిన నీరూ దీనికి పెద్దగా గిట్టదు.

అందుకే, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో నాకు జీవామృతం కన్నా ముఖ్యమనిపించేది తొలకరికి ముందే పొడినేలలో నవధాన్యాలు చల్లడం. గింజలకు మట్టి, ఘనజీవామృతం పట్టించి చల్లి, పైన గడ్డి కప్పుతారు. కొద్దిపాటి జల్లుకు మొలిచినా చాలు, బోడిగా ఉండాల్సిన నెలల్లో నేలకు వేరు దొరుకుతుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుము చల్లే డెల్టా రైతులు దుక్కి లేకుండానే ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. అయితే గింజల ఎంపికలో జాగ్రత్త కావాలి. ఆవాలు, పాలకూర, తోటకూర వేళ్లు ఈ శిలీంధ్రానికి దాదాపు చోటివ్వవు. సజ్జ, జొన్న, అలసంద, పిల్లిపెసర బాగా ఇస్తాయి.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పన్నెండు అంశాలు చెబుతుంది. భాస్వరం అందులో ఉంది, సూక్ష్మజీవుల లెక్క లేదు. వేళ్లలో ఈ శిలీంధ్రం ఉందో లేదో చూడటం అంత కష్టమూ కాదు. సన్నని వేళ్లను క్షారద్రావణంలో ఉడికించి, కడిగి, వెనిగర్‌లో కలిపిన సిరాతో రంగు పట్టిస్తే మామూలు మైక్రోస్కోపు కింద శిలీంధ్రం కనబడుతుంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లోనే కాదు, పల్లె కాలేజీ ప్రయోగశాలలోనూ చేయగల పరీక్ష ఇది. వ్యామ్ పొడి ప్యాకెట్ కొనే ముందు, తన చేలో శిలీంధ్రం ఇప్పటికే ఎంత ఉందో రైతుకు ఇలా చూపించాలి.