అట్ట లేని పుస్తకం కోసం

"పేరు గుర్తు లేదండీ. రాసిందెవరో తెలీదు. మా చేతికొచ్చేసరికే అట్ట లేదు. అందులో ఒంటికన్ను మాంత్రికుడు ఒకడుంటాడు. వాడికీ నాలుగు కళ్ల మాంత్రికుడికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఓడల్లో బయల్దేరిన సేనాపతి ఒకాయన వాళ్లిద్దరి మధ్యా ఇరుక్కుంటాడు. ఆ పుస్తకం ఇప్పుడెక్కడైనా దొరుకుతుందా?"

యాభై, అరవై దాటిన తెలుగువాళ్లని చిన్ననాటి చదువుల గురించి కదిపి చూడండి. ఇలాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా బయటికొస్తుంది. పై ప్రశ్నకు జవాబు తేలికే. ఆ సేనాపతి సమరసేనుడు, మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు. కథ పేరు 'తోకచుక్క'. చందమామ మాసపత్రికలో 1954లో మొదలైన సీరియల్ అది. కానీ అడిగినవారి ముఖంలో ఆ నాలుగు పేర్లు వినగానే వచ్చే మార్పు చూస్తే ఇది కేవలం సమాచారం కాదని తెలుస్తుంది. ఏళ్ల తరబడి తనలో తానే అనుమానపడుతున్న మనిషికి, నువ్వు చదివింది నిజమే, కలగనలేదు అని సాక్ష్యం దొరికినట్టు ఉంటుంది.

పిల్లలు పుస్తకం పేరు చూసి చదవరు. రచయిత పేరు అసలే చూడరు. వాళ్లకి గుహ గుర్తుంటుంది, కూలిన గుడి గుర్తుంటుంది, వేలాడే తాళ్ల వంతెన గుర్తుంటుంది. పుస్తకం ఏ అరుగు మీద కూర్చుని చదివారో, ఎవరు లాక్కున్నారో గుర్తుంటుంది. గ్రంథాలయాల జాబితాలేమో పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం అనే లెక్కలో నడుస్తాయి. వెతికేవాడి దగ్గరున్నది ఒకటి, బీరువా అడిగేది ఇంకొకటి. పిల్లల సాహస కథల్ని వెతకడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది.

రాసినాయన పేరే వెయ్యలేదు

తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. మన పిల్లల్ని తరాల పాటు ఊపిరాడనివ్వకుండా చదివించిన ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు'. ఈ పన్నెండూ రాసింది ఒక్క మనిషి, దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామ సంపాదక వర్గంలో చేరి అర్ధశతాబ్దం పైగా అక్కడే పనిచేశారు. తన కథల కోసం నెలంతా ఎదురుచూసిన పిల్లల్లో నూటికి తొంభై మందికి ఆయన పేరు తెలియదు. చాలామంది పెద్దయ్యాక, ఉద్యోగాలు చేసి రిటైరయ్యాక తెలుసుకున్నారు. 2010లో ఆయన పోయినప్పుడు మాత్రమే తెలుసుకున్నవాళ్లూ ఉన్నారు. ఇది మనం చేసిన పెద్ద అన్యాయం అని నా నమ్మకం.

బొమ్మలు వేసింది ఎక్కువగా చిత్రా. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. ఆ గీతలోని కండలు తిరిగిన వీరులు, జటలు కట్టిన మాంత్రికులు, చెట్ల కొమ్మల్లోంచి తొంగిచూసే భయంకర మృగాలు ఒక సీరియల్ నుంచి ఇంకో సీరియల్‌కి ఒకే ఛాయలో నడిచివస్తాయి. అందుకే జ్ఞాపకంలో కథలు కలగాపులగం అవుతాయి. 'శిథిలాలయం'లో తిరిగే శిఖిముఖి, విక్రమకేసరి వచ్చి 'యక్షపర్వతం'లోని ఖడ్గవర్మ, జీవదత్తుల పక్కన నిలబడతారు. జయశీలుడి పక్కన ఉండాల్సిన సిద్ధసాధకుడు రాకాసిలోయలోకి దారితప్పుతాడు. వెతికేవాళ్లు 'ఒక పుస్తకం' అని చెప్పేది చాలాసార్లు మూడు సీరియళ్ల కలయిక. ముందు ఆ ముడి విప్పుకోవాలి. పాత్రల పేర్లలో ఒక్కటి దొరికినా చాలు, మిగతావి వాటంతటవే వాటి చోటుకి వెళ్తాయి.

ఇంకో సంగతి. ఈ వెతుకులాట తెలుగుతో ఆగదు. చందమామ 1947 జులైలో తెలుగులో, తమిళంలో మొదలై తర్వాత దేశభాషలెన్నింటికో పాకింది. తమిళంలో అంబులిమామా, మరాఠీలో చాందోబా, ఒడియాలో జన్హమాము. అవే సీరియళ్లు, అవే బొమ్మలు. భువనేశ్వర్‌లోనో పుణెలోనో ఉన్న తోటి ఉద్యోగి తన చిన్ననాటి కథ చెప్పబోతే, సగం దారిలో మనం అందుకుని పూర్తి చేయగలం. మద్రాసులో కూర్చుని రాసిన ఒక గుంటూరు జిల్లా మనిషి ఊహ అంతమంది పిల్లలది అయింది.

దబ్బనం కుట్టు చెప్పే కథ

పాత ఇళ్ల అటకల మీద ఇప్పటికీ అప్పుడప్పుడు దొరికే ఒక వస్తువు ఉంది. ప్రింటయిన పుస్తకం కాదు, ఇంట్లో తయారైంది. నెలనెలా పత్రికలోంచి సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా విడదీసి, వరసన పేర్చి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొస లాగి కట్టిన బైండు. మైదా ఉడకబెట్టిన జిగురుతో పాత కేలండర్ అట్ట అంటించి ఉంటుంది. వెన్ను మీద అమ్మదో పెద్దక్కదో చేతిరాత, సిరాతో రాసిన సీరియల్ పేరు. ఎలుక కొట్టకుండా ఉంటే లోపల కాగితం అంచులు టీరంగుకి తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంటాయి.

అలాంటి బైండు ఒకటి చేతికొస్తే కంగారుగా తిప్పెయ్యకండి. అందులో అన్ని ఆధారాలూ ఉన్నాయి. ప్రతి భాగం మొదట్లో కిందటి నెల ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పేవారు. నడుమ భాగాలు పోయినా ఆ నాలుగు ముక్కలతో కథ అతుక్కుంటుంది. ఒక భాగం చివరి కాగితం వెనకవైపు ఇంకో కథ మొదలై ఉంటే అది పండగే. ఆ రెండో కథ పేరు పట్టుకుని సంచిక ఏ నెలదో, ఏ ఏడాదిదో తేల్చవచ్చు. సంచిక తేలితే మిగతా భాగాలు ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. పక్కవాటాలో ఉన్న పిల్లలకి అరువిచ్చినట్టు లోపలి అట్ట మీద పెన్సిలు రాతలు కూడా ఉంటాయి కొన్నిటిలో. వాటిని చెరిపెయ్యొద్దు. పుస్తకం ఎంతమంది చేతులు తిరిగిందో చెప్పేవి అవే.

పీపాలో దాక్కున్న కుర్రాడు

అన్నీ చందమామవే కావు. "ఓడలో ఆపిల్ పళ్ల పీపాలో ఒక కుర్రాడు దిగితే, బయట దొంగలు కుట్ర పన్నడం వినబడుతుంది, ఆ కథేమిటి" అని అడిగేవాళ్లున్నారు. అది స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్'. తెలుగులో నండూరి రామమోహనరావు చేతిలో 'కాంచనద్వీపం' అయింది. టామ్ సాయర్‌నీ హకిల్‌బెరీ ఫిన్‌నీ మనకి తెచ్చిచ్చిందీ ఆయనే. తర్వాత్తర్వాత 'విశ్వరూపం', 'నరావతారం' రాసిన సంపాదకుడిగా పేరుపొందినా, ఒక తరానికి ఆయన ముందు పీపాలో కుర్రాడిని చూపించిన మనిషి. ఆ తెలుగు ఎంత సహజంగా ఉంటుందంటే, అది అనువాదమని పిల్లలకి తోచదు. అందుకే ఇంగ్లిష్ పుస్తకాల మధ్య వెతకాలన్న ఆలోచన వాళ్లకి పెద్దయ్యాక కూడా రాదు. మూలకథ కూడా మొదట చందమామ కథల్లాగే వచ్చింది. 1881, 82లలో ఒక పిల్లల పత్రికలో మారుపేరుతో సీరియల్‌గా వెలువడి, 1883లో పుస్తకమైంది.

ఇక రష్యా పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల నుంచి వచ్చి విశాలాంధ్ర దుకాణాల్లో, బస్సులో తెచ్చిన సంచార ప్రదర్శనల్లో చవగ్గా దొరికిన ఆ పుస్తకాల నున్నటి కాగితం, మంచు బొమ్మలు మరిచిపోయినవాళ్లు తక్కువ. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటే ఆ రాక ఆగిపోయింది. నేను వెతికింది వాటిలో ఒకటి. నాకు గుర్తున్నదల్లా ఇంతే: ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుంటారు, ఆ పోట్లాటలో ఒక డబ్బా కిటికీలోంచి మంచులో పడుతుంది, అందులో నాన్న పంపిన టెలిగ్రాం ఉంటుంది. ఆ సంగతి అమ్మకి చెప్పరు. తల్లీ పిల్లలూ అంత దూరం రైల్లో ప్రయాణం చేసి వెళ్తే అక్కడ ఎవ్వరూ ఉండరు. ఆ ఖాళీ గదుల భయం ఎన్నేళ్లయినా నన్ను వదల్లేదు. నాకు సాహసం అంటే కత్తులు కాదు, చెప్పకుండా దాచిన నిజంతో రైలెక్కడం అని నేర్పిన కథ అది.

దొరికింది హైదరాబాద్‌లో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. "అది తీస్కోని ఏం చేస్తవ్ సార్, ముందు పేజీలే లేవు" అన్నాడు అమ్మేవాడు. చివరి పేజీ మాత్రం ఉంది. సోవియట్ పుస్తకాలకి ఒక మంచి అలవాటుంది. ఏ భాషలో వేసినా, మూలం వివరాలు రష్యన్‌లో ఓ మూల అచ్చేసేవారు: రచయిత, పుస్తకం పేరు, సంవత్సరం, ఏ భాషలోకి అనువాదం అన్నది. ఆ నాలుగు వరసల్ని ఫోన్‌తో ఫొటో తీసి చదివిస్తే అర్కాదీ గైదార్ అని వచ్చింది. 1939 నాటి 'చుక్, గెక్' కథ. గైదార్ 1941లో యుద్ధంలో చనిపోయాడు. ఇంటికొచ్చి ఆ అట్ట లేని పుస్తకాన్ని ఒక్క బిగిన చదివాను. టెలిగ్రాం నేను గుర్తుపెట్టుకున్నచోటే ఉంది.

చదివినవే మిగల్లేదు

వెతకడానికి చోట్లు ఉన్నాయి. చీరాల పక్కన వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. పాత పత్రికల ఫైళ్ల కోసం ఎక్కడెక్కడి వాళ్లో ఈ తలుపులు తడతారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడ తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో ఎక్కాయి కాబట్టి, ఒకే పేరుని మూడు నాలుగు విధాలుగా కొట్టి చూడాలి. దాసరి రచనల్ని పుస్తకాలుగా తేవడానికి వాహిని బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' సంస్థ పూనుకున్నాయి. సోవియట్ పిల్లల పుస్తకాలు చాలావాటిని మంచి పుస్తకం మళ్లీ అచ్చేసింది. పాత చందమామల్ని ఇళ్లలోంచి సేకరించి, రాత్రిళ్లు కూర్చుని స్కాన్ చేసినవాళ్లు ఏ సంస్థకీ చెందినవాళ్లు కారు, మామూలు పాఠకులు. వాళ్లు లేకపోతే ఈ వ్యాసంలోని సగం సంగతులు ఎవరికీ అందేవి కావు.

అయినా పెద్ద ఖాళీ మిగిలే ఉంది. చందమామకి అభిమానులు దొరికారు. బాలమిత్ర, బొమ్మరిల్లు పత్రికలకి అంత అదృష్టం లేదు. అద్దె పుస్తకాల షాపుల్లో పావలాకీ అర్ధరూపాయికీ తిరిగిన చిన్న సైజు సాహస నవలలైతే పూర్తిగా దిక్కులేనివి. పెద్దల నవలలు అద్దాల బీరువాల్లోకి చేరాయి. ఇవి పిల్లల జేబుల్లో, పాఠ్యపుస్తకాల మధ్య, చెట్టు కొమ్మల మీద నలిగి చిరిగిపోయాయి. ఎంత ఎక్కువమంది చదివితే అంత త్వరగా మాయమైపోయాయి. గ్రంథాలయాలు వాటిని సాహిత్యంగా లెక్కపెట్టలేదు, అచ్చేసినవాళ్లు చాలామంది ఒక్క కాపీ దాచుకోలేదు. మన పిల్లల సాహిత్య చరిత్ర రాయబోయేవాళ్లకి ముందు చేతిలో ఉండాల్సినవి ఈ పుస్తకాలే, అవే చేతిలో లేవు.

అందుకే ఒక విన్నపం. ఈ దసరాకో సంక్రాంతికో ఊరెళ్లినప్పుడు అటక ఎక్కండి. పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేముందు ట్రంకుపెట్టె అడుగు దాకా చూడండి. అట్ట లేదని, పేజీలు లేవని పక్కన పడేయకండి. చివరి పేజీ, వెనక కాగితం, మిగిలిన ఒక్క బొమ్మ ఫొటో తీసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఆ కథ ఎక్కడిదో ఇప్పుడే అడిగి, వాళ్లు చెప్పిన పేరు, సంవత్సరం పెన్సిలుతో లోపల రాయండి. పుస్తకం మీకు అక్కర్లేదనుకుంటే దగ్గర్లోని గ్రంథాలయానికో, స్కాన్ చేసే మిత్రులకో ఇవ్వండి. దాని కోసం వెతుకుతున్నవాళ్లు ఎక్కడో తప్పకుండా ఉన్నారు.