లంక ఊరి బస్సు: నష్టం ఎవరి లెక్క?

"ఆ రూటులో నష్టం వస్తోంది" అన్న మాట మన పల్లెల్లో వినని వాళ్లుండరు. ఒక ట్రిప్పు ఎత్తేసినా, ఆఖరి బస్సు వేళ ముందుకు జరిపినా, రోడ్డు బాగాలేదని ఊరి మలుపు దగ్గరే బస్సును వెనక్కు తిప్పేసినా చివరికి చెప్పే కారణం అదే. ప్రతి మాట వెనుకా ఎవరి ప్రయోజనం వుందో వెతకడం అలవాటైన మన విమర్శకులు కూడా ఈ "నష్టం" అన్న మాటను ప్రకృతి సహజమైనదన్నట్టు ఒప్పేసుకున్నారు. మన కథల్లో బస్సెక్కని పాత్ర అరుదు. బస్సు లెక్క చూసిన పాత్ర ఇంకా అరుదు. ఆ లెక్కను విప్పి చూపడమే ఇక్కడ నా ప్రయత్నం. రావులపాలెంలో కూర్చుని రాస్తున్నాను గనుక ఉదాహరణలూ ఈ చుట్టుపక్కలవే.

రావులపాలెం కోనసీమకు వాకిలి. గౌతమి దాటితే జొన్నాడ, వశిష్ఠ దాటితే సిద్ధాంతం. జాతీయ రహదారి మీద నిలబడి చెయ్యెత్తితే రాజమండ్రికో విజయవాడకో బస్సు దొరుకుతుంది. జనం ఒత్తుగా వున్న డెల్టాలో పల్చని జనాభా ప్రయాణాల గురించి రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. కాని రహదారి దిగి ఏటిగట్టు వెంబడి పోతే లెక్క మారుతుంది. లంక ఊరికి ఒకవైపు రోడ్డు, మిగతా వైపులా నీళ్లు. అక్కడికి పోయిన బస్సు ఆ దారినే తిరిగి రావాలి, అవతల ఎక్కేవాళ్లు లేరు. ఇక్కడ ఏరు చేసే పనిని రంపచోడవరం పైన మారేడుమిల్లి వైపు అడవి చేస్తుంది. ఆ ఏజెన్సీ ఊళ్లలో జనం నిజంగానే పల్చన. రెండు చోట్లా డిపో కాగితంలో కనిపించేది మాత్రం ఒకటే: ఖాళీ సీట్లు.

రూటును తూచే రాళ్లు రెండు. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది? సీట్లు నూటికి ఎన్ని నిండాయి? లంక ఊళ్లో 20 మంది ఎక్కి రావులపాలెంలో దిగారనుకుందాం. ఇచ్చింది చిన్న టిక్కెట్టు, కాబట్టి ఆ ట్రిప్పు నష్టం. ఆ 20 మందిలో ఎనిమిది మంది అక్కడే రాజమండ్రి బస్సెక్కారు. వాళ్ల పెద్ద టిక్కెట్టు రాజమండ్రి రూటు ఖాతాలో లాభంగా పడింది. వాళ్లను రోడ్డు మీదికి తెచ్చిన బస్సుకు అందులో పైసా రాదు. చిన్న బస్సు ఆగిపోయాక పెద్ద బస్సుకు తగ్గిన ఎనిమిది టిక్కెట్లను లంక రూటు రద్దు ఫలితమని ఎవరూ రాసుకోరు. వాగులన్నీ ఎండగట్టి గోదావరి నిండుగా పారాలని కోరుకున్నట్టుంటుంది ఈ పద్ధతి.

రాత్రి ట్రిప్పు సంగతి ఇంకా విచిత్రం. తొమ్మిదింటికి ఊరు చేరి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లవారుజామున మొదటి సర్వీసుగా బయల్దేరే నైట్ హాల్టు బస్సు మన పల్లెలకు బాగా తెలిసినదే. రాత్రి వచ్చేటప్పుడు అందులో నలుగురే వుండవచ్చు. ఆ నలుగురి కోసం డీజిలు తగలెయ్యాలా అని అడగడం తేలిక. కాని పొద్దున్న పోయిన బట్టలకొట్టు గుమాస్తా పిల్ల సాయంత్రం తిరిగి రాగలనన్న ధైర్యంతోనే వెళుతుంది. రాత్రి బస్సు తీసేస్తే ఆమె పొద్దున్న బస్సూ ఎక్కదు. పని మానుకుంటుంది, లేదా పట్నంలో గది వెతుక్కుంటుంది. మరుసటి ఏడు పొద్దున్న బస్సూ నష్టంలోకి వస్తుంది. ఖాళీగా వచ్చే ఆఖరి బస్సు మిగతా ట్రిప్పులన్నిటికీ పూచీకత్తు. పూచీకత్తుకు టిక్కెట్టు కొట్టే యంత్రం లేదు.

చట్టం ఏమంటోంది? 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో రెండు సెక్షన్లు ఎదురెదురుగా నిలబడి వున్నాయి. రవాణాను సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, సరైన సమన్వయంతో అంచెలంచెలుగా ఏర్పాటు చేయడం కార్పొరేషన్ విధి అంటుంది 18వ సెక్షను. కార్పొరేషన్ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది 22వ సెక్షను. మొదటి వాక్యంలోని నాలుగు విశేషణాల్లో "పొదుపు" ఒక్కటే రెండో సెక్షనుకు చుట్టం. పద్దుల్లో బతికినదీ అదే. "చాలినంత" అంటే ఎవరికి చాలినంతో, "సమన్వయం" అంటే దేనితో దేనికో అడిగే గొంతు డిపో సమీక్షల్లో లేదు.

ఈ విశేషణాలు ఊరికే వచ్చినవి కావు. 1939 మోటారు వాహనాల చట్టానికి 1956లో చేర్చిన అధ్యాయంలోనూ అవే వున్నాయి. ప్రైవేటు యజమానుల చేతి నుంచి రూట్లను తీసుకునే పథకానికి సమర్థన అవే. ఏపీఎస్ ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. ఆ జాతీయకరణ ఎంత తగాదాతో సాగిందంటే, కర్నూలు జిల్లా బస్సురూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవే వదులుకున్నారు. రాజకీయ కక్షల మాట అలా వుంచితే, జాతీయకరణకు ఆర్థిక సూత్రం ఒకటుంది: లాభం తెచ్చే రహదారీ, లాభం తేని పల్లెదారీ ఒకే చేతిలో వుంటే ఒకదాని మిగులుతో రెండోదాన్ని నడపవచ్చు. రహదారి మిగులును ప్రైవేటు కోచీలు పంచుకున్నాక, డీజిలు మీద అమ్మకపు పన్ను, వాహనపన్ను రూపంలో ప్రభుత్వమే ఏళ్లతరబడి సంస్థ నుంచి వసూలు చేశాక ఆ సూత్రం ఎంతవరకు నిలుస్తుంది?

బస్సుకు అయిదు నిమిషాల ముందు బయల్దేరి జనాన్ని ఎత్తుకుపోయే షేరు ఆటోను తిట్టేవాళ్లున్నారు. దారిపొడవునా ఆగి ఎక్కించుకునే అనుమతి దానికి లేదన్నదీ నిజమే. కాని ఆ ఆటో నడిపే కుర్రాడు ఫైనాన్సు కంపెనీకి వాయిదా కట్టుకునే కూలీయే. రద్దీ వేళల ఆదాయం అతనికి, మధ్యాహ్నపు ఖాళీ ట్రిప్పు బస్సుకు పంచిపెట్టింది ప్రణాళిక లేని వ్యవస్థ. బస్సు ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి ఆటో మొదలవ్వాలని, ఇద్దరి వేళలూ కలవాలని ఏర్పాటు చేసే అధికారి ఎవరు? రేవు సంగతీ ఇంతే. పడవ రేవును స్థానిక సంస్థ వేలం పాటకు పెడుతుంది. ఆ సంస్థకు రేవు ఆదాయ వనరు. అవతలి గట్టున బస్సు మరో శాఖది. పడవ దిగేసరికి బస్సు వెళ్లిపోతే ఇద్దరిలో ఎవరి లెక్కలోనూ తప్పు లేదు.

బస్సు నడపలేనిది కాదనడానికి సాక్ష్యం వాడపల్లి. ఏడు శనివారాల మొక్కుతో జనం వచ్చే రోజున రావులపాలెం నుంచి ప్రత్యేక బస్సులు తిరుగుతాయి. భక్తులకు బస్సు వేయడాన్ని నేను తప్పు పట్టను. దేవుడి వారానికి బండి సమకూరినప్పుడు బడి వారానికీ సమకూరాలనే నా పేచీ.

ఇక డబ్బు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేశారు; ఖర్చులో పెద్ద పద్దయిన జీతాలు ఖజానా మీదికి వెళ్లాయి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. పొలం కూలీకి, కాలేజీ పిల్లకు ఇది మేలని నిస్సంకోచంగా చెబుతాను. కాని ఎక్కిన మనిషి లెక్కన ప్రభుత్వం డబ్బిస్తే ఆ డబ్బు బస్సులు ఇప్పటికే తిరిగే చోటికే పోతుంది. బస్సు రాని ఊళ్లో ఉచిత టిక్కెట్టు విలువ సున్నా. పల్చటి ఊళ్లకు డబ్బివ్వవలసింది నడిచిన కిలోమీటరుకు, పలానా వేళకు పలానా ట్రిప్పు నడుపుతామన్న ముందస్తు ఒప్పందం మీద.

ఇది ఊహ కాదు. స్విట్జర్లాండులో ఏడాది పొడవునా కనీసం 100 మంది నివసించే ఊరు ప్రాంతీయ రవాణా సాయానికి అర్హమైనది. టిక్కెట్ల మీద రాని లోటు ఎంతో ముందే లెక్కగట్టి కేంద్రమూ రాష్ట్రాల వంటి కాంటన్లూ కలిసి భరిస్తాయి. కొండ ఊళ్లకు పోయే పచ్చబస్సు రైలు వేళకు స్టేషను చేరుతుంది. అది డబ్బున్న దేశమనవచ్చు. బ్రిటనూ డబ్బున్న దేశమే. అక్కడ 1985 చట్టంతో, 1986 అక్టోబరు నుంచి లండను వెలుపలి బస్సులను పోటీకి వదిలేస్తే, కంపెనీలకు గిట్టని పల్లె రూట్లను కౌన్సిళ్లు టెండర్లు పిలిచి కొనుక్కోవలసి వచ్చింది. తేడా ఖజానాలో లేదు, నష్టాన్ని ఎవరి పేర రాస్తారన్న దానిలో వుంది.

మన దగ్గర ఇప్పుడు ఒక కొత్త వసతి వుంది. సున్నా టిక్కెట్టు కూడా యంత్రంలోనే కొడుతున్నారు. ఎవరు ఏ స్టేజీలో ఎక్కి ఎక్కడికి టిక్కెట్టు తీసుకున్నారో నమోదవుతోంది. లంక నుంచి వచ్చినవాళ్లలో ఎందరు రావులపాలెంలో ముందుకు మారారో ఆ లెక్కలను వేళలతో కలిపి చూస్తే అంచనాకు అందుతుంది. ఒక ట్రిప్పు ఎత్తేసే ముందు ఆ లెక్కను ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలని పంచాయతీలు తీర్మానం చేసి డిపోకు పంపవచ్చు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు.