మోటుపల్లి అభయ శాసనం

మోటుపల్లి అభయ శాసనం, ఓరుగల్లు (నేటి వరంగల్) రాజధానిగా పాలించిన కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో (శా.శ. 1166, క్రోధి సంవత్సరం) వేయించిన శాసనం. సముద్ర వ్యాపారం చేసే దేశ విదేశ వర్తకుల ధనానికి ఇందులో రాజు అభయమిచ్చాడు. మోటుపల్లి ఆంధ్ర ప్రదేశ్‌లోని బాపట్ల జిల్లా, చినగంజాం మండలానికి చెందిన గ్రామం. 2022కు పూర్వం ఇది ప్రకాశం జిల్లాలో ఉండేది. శాసనం ఇక్కడి వీరభద్రస్వామి ఆలయంలోని స్తంభంపై ఉన్నది.

నేపథ్యం

గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించాడు. ఓరుగల్లు సముద్రానికి చాలా దూరాన ఉన్న నగరం. వెలనాడును, కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను జయించిన తరువాతనే కాకతీయులకు తీరప్రాంతంపై అధికారం లభించింది. దివిసీమ నాయకులైన అయ్య వంశీయులతో గణపతిదేవుడు వైరం కొనసాగించక, ఆ వంశానికి చెందిన నారమ్మ, పేరమ్మలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయప సేనాని కాకతీయ గజసాహిణి అయ్యాడు.

తీరం చేతికి వచ్చినంత మాత్రాన ఓడలు రావు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలోని సరుకు ఆ తీరాన్ని ఏలే రాజుకే చెందుతుందనే ఆచారం ఆనాడు పలుచోట్ల ఉండేది. వేరొక రేవుకు పోవలసిన ఓడ తమ తీరానికి వస్తే దానిని దోచుకునే అలవాటు మలబారులో ఉన్నదని మార్కో పోలో కూడా వ్రాశాడు. అందువలన వర్తకునికి గాలివాన ఒక భయమైతే, ఒడ్డు మరొక భయంగా ఉండేది.

శాసనంలోని విషయం

శాసనం సంస్కృతాంధ్రములలో ఉన్నది. దాని సారాంశం ఇది: పూర్వపు రాజులు, ఒక దేశం నుండి మరొక దేశానికి పోతూ తుఫానుకు దెబ్బతిని తీరానికి చేరిన ఓడల నుండి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటిని బలవంతంగా గ్రహించేవారు. ధనం ప్రాణం కంటె గొప్పదని తలచి సముద్రయానానికి సాహసించిన వారిపై దయతోను, కీర్తి కొరకు, ధర్మం కొరకు, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నాము.

ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతుగా నిర్ణయమయింది. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు వంటి సరుకుల ప్రస్తావన ఉన్నది. అధికారి ఇష్టానికి వదలక సుంకాన్ని అందరికీ కనిపించేలా రాతిపై చెక్కించడం ఇందులోని విశేషం.

తరువాతి కాలం

గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి కాలపు పరిస్థితులను మార్కో పోలో తన యాత్రా వృత్తాంతంలో వర్ణించాడు. రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే (ముట్‌ఫిలి) పేర్కొని, ఇక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను మెచ్చుకున్నాడు. అయితే రాణిని పూర్వరాజు భార్యగా పొరపాటున చెప్పాడు.

కాకతీయ రాజ్యం 1323లో పతనమయింది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి మోటుపల్లిలోనే మరొక శాసనం వేయించాడు. వర్తకులు స్వేచ్ఛగా రావచ్చును, పోవచ్చును, ఇష్టమైన వారికి అమ్ముకొనవచ్చును. సంతానం లేక మరణించిన వారి ఆస్తిని రాజు తీసుకునే 'అపుత్రిక' పద్ధతి కూడా రద్దయింది.

ప్రాముఖ్యత

ఓడ మునక బాధితులను దోచుకోరాదనే ప్రయత్నాలు అదే కాలంలో ఇతర దేశాలలోనూ జరిగాయి. 1179లో మూడవ లాటరన్ సభ, ఓడ మునిగిన క్రైస్తవులను దోచేవారిని మతం నుండి బహిష్కరించింది. ఇంగ్లండులో 1275 నాటి చట్టం, ఓడ నుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే దానిని దిక్కులేని సొత్తుగా భావించరాదన్నది. గణపతిదేవుని అభయానికి ఇటువంటి మత భేదం లేదు.

అయినప్పటికీ దీనిని నేటి మానవ హక్కులతో సమానంగా భావించరాదు. ఇది రాజు తన దయగా ఇచ్చిన మాట. రాజు మాట తప్పితే వర్తకుడు మొరపెట్టుకొనదగిన వేరొక న్యాయస్థానం లేదు. రేవుకు ఓడలు వస్తేనే ఖజానాకు సుంకం చేరుతుందనే ప్రయోజనం కూడా ఇందులో ఉన్నది. ఎవరి ఆస్తినీ నిరంకుశంగా హరించరాదని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 17వ అధికరణం చెబుతుంది. సముద్రంలో ఆపదలో ఉన్నవారిని ఆదుకోవాలని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 98వ అధికరణం విధిస్తుంది. తన ప్రజలు కాని వారికి కూడా రాజ్యం న్యాయం చేయవలసి ఉన్నదనే భావనకు తెలుగునాట లభించే ముఖ్యమైన లిఖిత ఆధారాలలో మోటుపల్లి శాసనం ఒకటి.

ఇవి కూడా చూడండి

కాకతీయులు
గణపతిదేవుడు
రుద్రమదేవి
వరంగల్ కోట